తూర్పు కిటికీలోని తెర

కంప్యూటర్లో ఒక వాక్యం కొట్టాక నేను కుర్చీలో కూర్చోలేను. లేచి తలుపు తీసి, ఆఫీసు గోడ చుట్టూ తిరిగి, చెప్పుల్లోకి ఇసక పోతుంటే నడిచి కిటికీ ఎదురుగా నిలబడతాను. లోపలున్న మానిటర్ మీద అక్షరాలు కనిపిస్తే వెనక్కి వస్తాను. వచ్చి కూర్చున్నానో లేదో, మబ్బు తొలగిందేమో, ఎండ తెర మీద పడుతోందేమో అనిపిస్తుంది. మళ్లీ లేస్తాను. చేపల గంపలతో ఒడ్డున కూర్చునే ఆడవాళ్లు దీనికి నాకు ఒక పేరు పెట్టారు. పీతబాబు. పీత బొక్కలోంచి బయటికొచ్చి, కళ్లు నిక్కబొడుచుకుని చూసి, మళ్లీ బొక్కలోకి దూరినట్టు ఉంటానట.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డు ఊరు. మా ఇళ్లన్నీ వేట మీద బతికేవే. నేనొక్కణ్ణే పడవెక్కితే కక్కుకునే రకం. మా నాన్న రెండు మూడుసార్లు తీసుకెళ్లి చూసి, ఇక నావల్ల కాదని చదువుకి ఒదిలేశాడు. డిగ్రీ అయ్యాక శ్రీకాకుళంలో ఒక ఫ్లెక్సీ షాపులో చేరాను. పుట్టినరోజులు, పెళ్లిళ్లు, నాయకుల స్వాగతాలు. అక్షరానికి మూడు రంగులు వెయ్యాలి, చుట్టూ తెల్ల గీత, కింద నీడ, వెనకాల మెరుపులు. ఎంత ఎక్కువ పెడితే గిరాకీదారు అంత సంతోషించేవాడు. ఆ చేత్తోనే తర్వాత మా ఊరి మత్స్యకారుల సంఘం ఆఫీసులో గుమస్తాగా చేరాను.

నాకు ముందున్న గుమస్తా పెద్దాయన. గాలి హెచ్చరిక వచ్చిందంటే చేతి మైకు పట్టుకుని ఒడ్డు పొడుగునా నడుస్తూ అరిచేవాడు. పడవల దగ్గర ఆగి మనిషి మనిషికీ చెప్పేవాడు. నేను అలా అరుస్తూ నడవడం నామోషీ అనుకున్నాను. పడవెక్కలేనివాడు పడవవాళ్లకి వెళ్లొద్దని చెప్పడమేంటని ఎవరైనా నవ్వుతారేమోనని భయం కూడా ఉండేది. కంప్యూటర్ వచ్చినప్పుడు దానికి రెండో మానిటర్ ఒకటి అడిగి తెప్పించాను. దాన్ని సముద్రం వైపున్న తూర్పు కిటికీలో, బయటికి తిప్పి పెట్టాను. ఉప్పుగాలికి పాడవుతుందని కిటికీ అద్దం మూసే ఉంచాను. నేను లోపల నా తెర మీద ఏది చేస్తే అది బయట కనిపిస్తుంది. మైకు బీరువా పైకెక్కింది. దానిలో బ్యాటరీలు కారి, తుప్పు పట్టి, ఆకుపచ్చగా అయిపోయాయి.

ఫోన్లలో కూడా వాతావరణం వార్తలు వస్తాయి. కానీ పోయినేటి తుపానూ, పక్క రాష్ట్రం వరదా, ఎవడో కల్పించిన వీడియో అన్నీ కలిసే వస్తాయి. అందుకని మావాళ్లకి "ఆఫీసు టీవీలో ఏటున్నాది?" అన్నదే లెక్క. ఆ మాట వింటే నాకు ఛాతీ పొంగేది. ఈ ఊళ్లో నాతో పనిపడే చోటు అదొక్కటే.

ఆ తెరని నేను ఫ్లెక్సీలాగే చేశాను. వెనకాల ముదురు నీలం కెరటం బొమ్మ. పైన సంఘం పేరు, దాని కింద స్వాగతం, ఆ కింద "మీ క్షేమమే మా ధ్యేయం" అని అన్నిటికన్నా పెద్ద అక్షరాలు. తర్వాత తారీఖు, వారం. అడుగున, పెళ్లికార్డుల్లో వాడే మెలికల అక్షరాల్లో, ఎర్రరంగులో ఆ రోజు సముద్రం సంగతి. లోపల కూర్చుని చూస్తే ఎంత ముద్దుగా ఉండేదో. పొద్దున్నే ఆడవాళ్లు దాని ముందు గుమిగూడేవారు. మా అప్ప కూడా, అంటే మా అక్క, అక్కడే గంప దించి కాసేపు తేరిపార చూసేది. వాళ్లంతా చదువుతున్నారనుకుని నేను మురిసిపోయేవాణ్ణి. జడలో పువ్వు సర్దుకోవడం కూడా చూశాను. ఎందుకో ఆలోచించలేదు.

మా అప్ప మొగుడు, మా బావ, ఒక ఫైబర్ పడవ నడుపుతాడు. అతనితో మరో ఇద్దరు వెళ్తారు. పొద్దెక్కాక బయల్దేరి, లోపల వల వేసుకుని, మర్నాడు తెల్లారి వస్తారు. బావకి చదువు అయిదో తరగతి దాకానే. బస్సు మీద ఊరి పేరు చదువుతాడు, సినిమా పోస్టరు చదువుతాడు. చిన్న అక్షరాలైతే పెదాలు కదుపుతూ చదువుతాడు.

పోయిన వానాకాలం, ఒక పొద్దున హెచ్చరిక వచ్చింది. పొద్దు తిరిగాక ఈదురుగాలులు లేస్తాయని. నేను వెంటనే తెర మీద పెట్టాను. "తీరం వెంబడి బలమైన ఈదురుగాలులు వీచే అవకాశం ఉన్నందున మత్స్యకారులు వేటకు వెళ్లరాదని ఇందుమూలముగా తెలియజేయడమైనది." వచ్చిన మాట వచ్చినట్టే పెట్టాను. బయట ఎండ ఫెళ్లున కాస్తోంది, ఆకాశం కడిగినట్టుంది. కాసేపటికి బావ వచ్చి కిటికీ ముందు నిలబడ్డాడు. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. తల ఆడించాడు. వెళ్లిపోయాడు.

చదివాడు, తల ఆడించాడు, ఇక వల విప్పుకుని ఇంటికెళ్తాడనుకున్నాను. నేను టీ తాగడానికి వెళ్లాను. చాలా పడవలు నిన్న పట్టిన చేప అమ్ముకోవడంలో ఉండి ఎలాగూ ఆ పూట కదల్లేదు. బావ పడవ మాత్రం వెళ్లింది.

పొద్దు తిరిగేసరికి సరుగుడు తోట ఒక్కసారి ఒంగింది. ఇసక లేచి కిటికీ అద్దం మీద గుప్పిళ్లతో విసిరినట్టు పడింది. మా అప్ప పరిగెత్తుకొచ్చింది.

"ఒరే, మీ బావ సంద్రంలో ఉన్నాడు. ఫోను తగలడం నేదు. గాలొస్తాదని నీ టీవీలో రాసినావా, నేదా?"

నేను అప్పుడు అనవలసిన మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ అనలేదు. "రాసినాను. బావ సూసినాడు కూడా. తల కూడా ఆడించినాడు" అన్నాను.

"సూసినాడా? సూసి ఎల్లినాడా?"

"రా, నువ్వే సూడు."

చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. పొద్దు పడమటికి వాలి, ఆఫీసు నీడ ఇసక మీద పొడుగ్గా పడి ఉంది. ఆ నీడలో తెర దీపంలా వెలుగుతోంది. ఎర్ర అక్షరాలు, మెలికలతో సహా, స్పష్టంగా కనిపిస్తున్నాయి. మా అప్పకి చదువు రాదు. పక్కనున్న ఒకాయన కూడబలుక్కుని చదివి వినిపించాడు.

"ఈడి మదం మండ" అంది అప్ప, సముద్రం వైపు తిరిగి. "ఇంత రాసుంటే ఎల్తాడా? పిల్లలున్నారని నేదు, పెళ్లాముందని నేదు. రానీ, వస్తే సెప్తాను."

వస్తే అన్న మాట తనకే వినపడింది. అక్కడే ఇసకలో చతికిలబడింది. నాకు భయం వేసింది, కానీ ఆ భయం అడుగున చిన్న ఊరట కూడా ఉంది. తప్పు నాది కాదు అని. బావ సముద్రంలో ఏమయ్యాడో తెలియకుండానే నేను నా లెక్క సరిచూసుకున్నాను. ఇప్పటికీ నన్ను కుర్చీలో కూర్చోనివ్వనిది ఆ ఊరటే.

చీకటి పడుతుండగా ఫోను వచ్చింది. గాలి తోసుకుపోగా పక్క ఊరి ఒడ్డుకి చేరారట. వల కోసేసి ఒదిలేశారు. ముగ్గురూ బతికే ఉన్నారు. ఆటో కట్టించుకుని వెళ్లాం. బావ అరచెయ్యి తాడు రాసుకుని తోలు లేచిపోయి ఉంది. దాన్ని తుండుగుడ్డలో చుట్టుకుని, ఎవరింటి అరుగు మీదో కూర్చుని ఉన్నాడు. అప్ప వెళ్లి ముందు అతని తల, భుజాలు తడిమింది. తర్వాత తిట్టడం మొదలెట్టింది.

"టీవీలో రాసున్నాది సూసి కూడా ఎల్లినావా?"

బావ తలెత్తి నా వైపు చూశాడు. ఏదో అడగబోతున్నట్టు చూశాడు. నేను చూపు తిప్పేసుకున్నాను.

"సదివినాను" అన్నాడు బావ. "ఏదో రోజూ రాస్తారని ఎల్లిపోనాను."

ఆ మాటతో అతని పని అయిపోయింది. మా దగ్గర పడవ నడిపేవాడి మాట మీద మిగతావాళ్లు ప్రాణం పెట్టి ఎక్కుతారు. హెచ్చరిక చదివి కూడా తోలుకుపోయాడని తెలిశాక అతనితో వెళ్లే ఇద్దరూ వేరే పడవలకి మారిపోయారు. పెద్దలు పిలిచి నలుగురిలో చీవాట్లు పెట్టారు. అప్ప అతనికి అన్నం కంచంలో పెట్టి పక్కకి తిరిగి కూర్చునేది. పడవ ఒడ్డున బోర్లించి ఉండేది. బావ దాని నీడలో కూర్చుని, కట్టు కట్టిన చేత్తోనే పాత వల బాగుచేసుకునేవాడు. నేను అటు వైపు వెళ్లడం మానేశాను.

కొన్నాళ్లకి ఒక పొద్దున, కిటికీ ముందు ఆడవాళ్ల గోల ఎక్కువైంది. ఫోన్లో అవతలి మనిషి మాట వినపడక, తప్పుకోమని చెప్పడానికి బయటికెళ్లాను. ఒకావిడ అద్దం దగ్గరగా మొహం పెట్టి బొట్టు దిద్దుకుంటోంది. "ఉండు నాయనా, మీ అద్దం అరిగిపోద్దేటి?" అంది. ఆవిడ తప్పుకున్నాక ఆ చోట నేను నిలబడ్డాను.

కిటికీలో నేను కనిపించాను. నా వెనక సముద్రం, పడవలు, బోర్లించిన బావ పడవ, ఎండకి తళతళలాడే ఇసక కనిపించాయి. ముదురు నీలం తెర, దాని ముందు మూసిన అద్దం, ఎదురుగా పొద్దు. ఇంతకన్నా మంచి అద్దం ఊళ్లో ఎవరింట్లోనూ లేదు. చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్లు చికిలించి చూస్తే "మీ క్షేమమే మా ధ్యేయం" అన్న చోట తెల్లగా ఏదో మెదిలింది. అడుగున ఎరుపు ఉందన్న సంగతి కూడా తెలియలేదు. నేను ఆ మానిటర్‌ని ఎన్నడూ పొద్దుటిపూట బయటినుంచి చూడలేదు. అప్పకి చూపించినప్పుడు సాయంత్రం నీడ ఉంది. బావ చూసినప్పుడు లేదు.

ఆ క్షణమే వెళ్లి చెప్పుంటే ఈ రాతకి ఇంత పొడుగు ఉండేది కాదు. నేను లోపలికెళ్లి తెర బాగుచెయ్యడం మొదలుపెట్టాను. ఎవరికీ తెలియకుండా బాగుచేసేస్తే, అసలు ఎప్పుడూ బాగానే ఉన్నట్టు అయిపోతుందనుకున్నాను. ముందు కెరటం బొమ్మ తీసేశాను. నీలం పోయి తెలుపు వచ్చింది, దాని మీద నల్ల అక్షరాలు. ఎండలో వెలుతురు మీద చీకటి నిలబడుతుంది గానీ చీకటి మీద ఎరుపు నిలబడదు. నీడలూ, గీతలూ, మెరుపులూ తీసేశాను. బ్రైట్‌నెస్ చివరికంటా పెంచాను. మెలికల అక్షరాలు తీసి, లావుగా మామూలుగా ఉండేవి పెట్టాను. పెద్దవి చేసేసరికి ఒత్తులు కింది వరస గుడుల మీద ఎక్కాయి. వరసల మధ్య ఎడం పెంచాను. ఎడం పెంచితే స్వాగతం పట్టలేదు, తీసేశాను. తర్వాత ధ్యేయం పోయింది. సంఘం పేరు తీయడానికి చెయ్యి రాలేదు, చివరికి అదీ పోయింది. ప్రతిదానికీ లేచి బయటికెళ్లి చూడ్డం, రావడం. చేపల థర్మాకోల్ పెట్టె ఒకటి అడుగు కోసి, లోపల నల్లరంగు పూసి, మానిటర్‌కి టోపీలా తొడిగి, కిటికీ అద్దం తెరిచేశాను. తెరని కొంచెం కిందికి వంచాను. ఎండ నేరుగా పడటం తగ్గింది.

అన్నీ చేశాక తెర మీద పట్టింది రెండే వరసలు. "ఈరోజు గాలి లేదు. వేటకి వెళ్లొచ్చు." పడవల దగ్గరినుంచి కూడా కనిపిస్తోంది. దొంగతనం చేసినవాడిలా లోపల కూర్చున్నాను.

నన్ను పట్టించింది ఆ తెరే. మర్నాడు పొద్దున్నే బయట కేక వినిపించింది.

"ఓలమ్మో, టీవీలో అచ్చరాలు కనిపిస్తన్నాయే!"

"మొకం కనిపించడం నేదే! నా పువ్వు ఎక్కడ సూసుకోనే?"

"మీ ఇంటికెల్లి సూసుకో. ఇది ఆఫీసు."

నవ్వుతున్నారు. ఆ నవ్వుల మధ్య మా అప్ప గొంతు విన్నాను. నవ్వడం లేదు.

"ఇప్పుడు కనిపిస్తన్నాయంటే, ముందు కనిపించనేదా?"

అప్ప తలుపు తోసుకుని లోపలికొచ్చింది. "ఒరే. నాకు సదువు రాదు. నువ్వు సెప్పు. ఆ పొద్దున మీ బావకి కనిపించినాదా, నేదా?"

"కనిపించనేదప్పా" అన్నాను. "కనిపించే వీలు నేదు. నేనే సరిగ్గా పెట్టనేదు. నీకు సూపించినప్పుడు నీడ ఉన్నాది."

"ఎప్పుడు తెలిసినాది నీకు?"

అదీ చెప్పాను. అప్ప కొట్టలేదు, తిట్టలేదు. "బయటికి రా. మీ బావ దగ్గర సెప్పు" అంది.

ఉత్తిమాటతో సరిపోదనిపించింది. పాత కెరటం బొమ్మ, ఆ రోజు నేను పెట్టిన హెచ్చరిక, అలాగే మళ్లీ తెర మీదికి తెచ్చాను. టోపీ తీసి, అద్దం మూశాను. పొద్దు ఇంకా తూర్పునే ఉంది. అప్ప వెళ్లి బావని తీసుకొచ్చింది. పడవ మారిపోయిన ఆ ఇద్దరినీ కూడా పిలిచింది. అందరూ కిటికీ ముందు నిలబడ్డారు.

"సదవండి" అన్నాను. "ఆ రోజు నేను రాసింది ఇదే. సదవగలిగినవాళ్లు సదవండి."

చూశారు. చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఒక ముసలాయన చెయ్యి దించి అన్నాడు. "నాకెప్పుడూ కనిపించనేదురా. నా కళ్లే పోనాయనుకుని శ్రీకాకుళమెల్లి సుక్కలు కూడా ఏయించుకున్నాను కదా!"

"మరి రోజూ తలెందుకు ఆడించీవోడివి?" అంది ఒకావిడ.

"నువ్వెందుకు ఆడించీదానివి?"

"నానేటి సదువుతానా? నా బొట్టు బాగున్నాదని ఆడించీదాన్ని."

అప్పుడు తెలిసింది. అందరూ వచ్చి, కనిపించకపోతే తమ కళ్లదో తమ చదువుదో లోపమనుకుని, పక్కవాడు ఆడించాడని తామూ తల ఆడించి వెళ్లేవారు. లోపల కూర్చున్న నేను ఆ తలలన్నీ చూసి నా పని మెచ్చుకుంటున్నారనుకున్నాను.

పడవ మారినవాళ్లలో ఒకడు బావని అడిగాడు. "మరి సదివినానని ఎందుకన్నావు, మావా?"

బావ ఇసకకేసి చూస్తూ అన్నాడు. "బామ్మర్ది అంత కష్టపడి రాసినాడు. ఊరంతా సదివేస్తన్నారు. నాకొక్కడికే రాదని, మీ ముందర, పెళ్లాం ముందర ఎలా సెప్పీది? మదమెక్కినోడని తిట్టించుకోవడమే నయమనిపించినాది."

అప్ప కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నేను బావ ముందు చేతులు కట్టుకుని నిలబడి, తప్పు నాదని, తెలిశాక దాచుకోవడం ఇంకా పెద్ద తప్పని అందరికీ వినపడేలా చెప్పాను. చెప్తుంటే గొంతు సన్నగా, పిట్టలా వచ్చింది. బావ కట్టు కట్టిన చెయ్యి ఒకసారి చూసుకున్నాడు.

"రాసినోడు రోజూ ఇక్కడికొచ్చి సదవాల" అన్నాడు. "ఇక్కడ నిలబడి. మాకు ఇనిపించాల. అంతే."

మావాళ్లలో ఇది పెద్ద శిక్ష కాదు. ఆ ఇద్దరిలో ఒకడు మళ్లీ బావ పడవెక్కాడు. రెండోవాడు ఎక్కలేదు. ఎందుకని నేను అడగలేదు, అడిగే హక్కు లేదు. బావ ఇప్పుడు ఇంకొకర్ని చూసుకున్నాడు. అప్ప నాతో మాట్లాడుతుంది, కానీ చేప పులుసు గిన్నె పంపించేటప్పుడు ఇదివరకటిలా తనే తీసుకురాదు, ఎవరితోనో పంపిస్తుంది.

మొన్న మళ్లీ హెచ్చరిక వచ్చింది. రెండు వరసలు కొట్టాను. "ఈరోజు గాలి వస్తుంది. వేటకి వెళ్లొద్దు." బయటికెళ్లి చూశాను, కనిపిస్తోంది. లోపలికొచ్చి, బీరువా మీది మైకు తీసి, తోమి, కొత్త బ్యాటరీలు వేశాను. మళ్లీ బయటికెళ్లి కిటికీ ఎదురుగా నిలబడి చదివాను. తర్వాత పడవ పడవ దగ్గరికీ నడుస్తూ చదివాను. బావ పడవ అప్పటికే సగం నీళ్లలో ఉంది. అతను నాకు వీపు పెట్టి నిలబడి తాడు చుడుతున్నాడు. విన్నాడో లేదో తెలియలేదు. దగ్గరికెళ్లి ఇంకోసారి చదివాను.

"ఇనిపించినాదిరా" అన్నాడు తిరక్కుండానే. "అచ్చరాలు బాగున్నాయి. నీ గొంతే బాగోనేదు."

తాడు భుజాన వేసుకుని, మిగతా ఇద్దరినీ కేకేసి, పడవని వెనక్కి లాగడం మొదలెట్టాడు. నేనూ ఒక చెయ్యి వేశాను. వద్దనలేదు. పడవ ఇసకలోకి ఎక్కేదాకా లాగి, చెప్పులు వెతుక్కుని ఆఫీసుకొచ్చి కూర్చున్నాను. అప్పుడే మబ్బు తొలగినట్టు గది ఒక్కసారి తెల్లబడింది. లేచాను.